గ్రామ్ స్టెయిన్ ఎలా నేర్పితే నెల దాటినా గుర్తుంటుంది: వైద్య విద్యార్థుల తొలి పరిశోధనకు సమగ్ర మార్గదర్శి

పెద్ద ప్రయోగశాల గానీ గ్రాంటు గానీ లేకుండా, రెండు నెలల వ్యవధిలో, పత్రిక సమీక్షకుల ముందు నిలబడగల చిన్న పరిశోధన ఎలా చేయాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంబీబీఎస్, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే విద్యార్థులు తరచుగా అడుగుతున్నారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1979లో మొదలుపెట్టిన షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అనే విద్యార్థి పరిశోధన పథకం కూడా రెండు నెలల పనికే ఉద్దేశించినది కాబట్టి ఆ వ్యవధినే ఇక్కడ హద్దుగా తీసుకున్నాను.

పద్ధతిని విడివిడి సూత్రాలుగా చెబితే ఆచరణకు అందదు. అందుకే ఒకే అధ్యయనాన్ని మొదటి నుంచి చివరి వరకు నడిపిస్తాను. గ్రామ్ స్టెయిన్ అంటే బ్యాక్టీరియాకు రంగు వేసి ఊదా (గ్రామ్-పాజిటివ్), గులాబీ (గ్రామ్-నెగటివ్) అని రెండుగా విడదీసి చూసే పద్ధతి. గ్రామ్ స్టెయిన్ స్లైడ్‌లను లేబుళ్లతో మళ్లీ మళ్లీ చూపించడం మేలా, లేబుల్ తీసేసి విద్యార్థి చేత గుర్తు తెప్పించుకోవడం మేలా అన్నది ఇందులోని ప్రశ్న. రెండో సంవత్సరం వైద్య విద్యార్థులు తప్పనిసరిగా నేర్వవలసిన సామర్థ్యాల జాబితాలో ఎంఐ 1.2 అనే మైక్రోబయాలజీ అంశం కింద గ్రామ్ స్టెయిన్, క్షయ బ్యాక్టీరియాను చూపే జీల్-నీల్సన్ స్టెయిన్ ఉన్నాయి కనుక దీనికోసం అదనపు తరగతులు అడగనక్కరలేదు.

1. ప్రశ్నను ఒక వాక్యానికి కుదించండి

"మైక్రోబయాలజీ బోధనలో కొత్త పద్ధతుల ప్రభావం" అన్నది శీర్షిక కావచ్చు గానీ పరిశోధన ప్రశ్న కాదు. ఎవరి మీద, ఏ పద్ధతిని, దేనితో పోల్చి, ఏ కొలతతో, ఎన్ని రోజుల తరువాత చూస్తున్నారో ఈ ఐదూ ఒకే వాక్యంలో ఇమడాలి.

మన ప్రశ్న ఇది: రెండో సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థుల్లో, గ్రామ్ స్టెయిన్ స్లైడ్‌లను లేబుల్ లేకుండా చూపి జవాబు రాయించి వెంటనే సరైన జవాబు చెప్పే పద్ధతి, అంతే సమయం పాటు లేబుళ్లతో మళ్లీ చూపే పద్ధతితో పోలిస్తే, 35 రోజుల తరువాత జరిపే గుర్తింపు పరీక్షలో ఎక్కువ మార్కులు తెస్తుందా?

ఈ వాక్యంలో ఏ భాగాన్ని తీసేసినా తరువాతి దశలో ఒక నిర్ణయం గాలిలో ఉండిపోతుంది. ముఖ్యంగా "అంతే సమయం పాటు" అన్న మాటను వదిలేస్తే, ఒక వర్గానికి ఎక్కువ సేపు చదువు చెప్పి, అది పద్ధతి గొప్పతనమని రాసుకునే ప్రమాదం ఉంది.

2. చివరి పరీక్ష తేదీ ముందు, మిగిలినవన్నీ తరువాత

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క అంశాన్నే గట్టిగా పట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుతాను. నేర్చుకోవడం మీద చేసే అధ్యయనంలో మనం కొలవవలసింది తరగతి ముగిసిన పూట విద్యార్థికి ఏమి తెలుసన్నది కాదు, రోజులు గడిచాక ఏమి మిగిలిందన్నది. ఈ రెంటికీ జవాబులు ఒక్కోసారి ఎదురెదురుగా వస్తాయి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి ఆధారం. ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవారు ఐదు నిమిషాల తరువాతి పరీక్షలో 83 శాతం గుర్తుకు తెచ్చుకోగా, ఒకసారి చదివి మూడుసార్లు తమను తాము పరీక్షించుకున్నవారు 71 శాతమే తెచ్చుకోగలిగారు. వారం తరువాత లెక్క తిరగబడింది: చదివినవారు 40 శాతం, పరీక్షించుకున్నవారు 61 శాతం. అంటే తరగతి చివర్లోనే పోస్ట్-టెస్ట్ పెట్టి ఊరుకునే పరిశోధకుడు సరిగ్గా తప్పు నిర్ధారణకు చేరే అవకాశం ఉంది.

వైద్య విద్యలోనూ దీనికి తోడు దొరుకుతుంది. లార్సెన్, బట్లర్, రోడిగర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో రెసిడెంట్ వైద్యులు ఆరు నెలల తరువాత రాసిన పరీక్షలో, మళ్లీ మళ్లీ పరీక్షించిన అంశాల్లో సగటున 39 శాతం, మళ్లీ మళ్లీ చదివిన అంశాల్లో 26 శాతం తెచ్చుకున్నారు.

రెండు సెషన్ల మధ్య ఎన్ని రోజులుండాలన్నదీ ఊహకు వదలవద్దు. సెపెడా బృందం 2008లో సామాన్య విజ్ఞాన అంశాలపై చేసిన అధ్యయనంలో, 35 రోజుల తరువాతి పరీక్షకు సుమారు 11 రోజుల విరామం మెరుగైనదిగా తేలింది. స్లైడ్ గుర్తింపు వేరే రకం నైపుణ్యమే అయినా, ఏ ఆధారమూ లేని విరామం కన్నా ఇది నయం.

దాని ప్రకారం పట్టిక ఇలా అవుతుంది:

- 1వ రోజు: బోధన, మొదటి సెషన్
- 12వ రోజు: రెండో సెషన్
- 47వ రోజు: చివరి పరీక్ష (రెండో సెషన్‌కు 35 రోజుల తరువాత)

రెండు నెలల్లో ఇక మిగిలేది రెండు వారాల లోపే. కాబట్టి ఎథిక్స్ అనుమతి, స్లైడ్‌ల తయారీ, పైలట్ ఈ మూడూ 1వ రోజుకు ముందే పూర్తి కావాలి.

ఇప్పుడు క్యాలెండర్ తెరచి 47వ రోజు మీద వేలు పెట్టి వెనక్కి రండి. విజయనగరంలో అయితే దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు, దాని ముందు రోజు ప్రాక్టికల్స్ హాలు నిండుతుందని ఆశించవద్దు. శ్రీకాకుళంలో రథసప్తమికి అరసవల్లి రద్దీ, రెండు జిల్లాల్లోనూ సంక్రాంతికి ఖాళీ అయ్యే హాస్టళ్లు, ఇంటర్నల్ అసెస్‌మెంట్ వారం, ఇవన్నీ గుర్తించి పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల కోసం మరో వారం వెసులుబాటు ఉంచండి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత శ్రీకాకుళం జిల్లాలో కరెంటు పరిస్థితి ఎలా ఉండిందో చూసినవారికి, ఇంక్యుబేటర్ మీద ఆధారపడే ప్రణాళికకు ప్రత్యామ్నాయం ఎందుకు కావాలో వివరించనక్కరలేదు.

3. రెండు వర్గాలు కాదు, అడ్డంగా మార్చిన రెండు సెట్లు

తరగతిని రెండుగా చీల్చి ఒక వర్గానికి కొత్త పద్ధతి, మరొక వర్గానికి పాత పద్ధతి ఇవ్వడం అందరికీ మొదట తట్టే నమూనా. దీనిలో రెండు చిక్కులున్నాయి. మేలైన పద్ధతి ఏదైతే అది సగం మందికి అందదు. పైగా ఒకే హాస్టల్లో ఉండేవారు ఆ సాయంత్రానికే వాట్సాప్‌లో అన్నీ పంచుకుంటారు.

దీనికి బదులు స్లైడ్‌లను రెండు సెట్లుగా చేయండి. ప్రతి సెట్‌లో పది స్లైడ్‌లు, కఠినతలో రెండూ సమానం. 'క' వర్గం మొదటి సెట్‌ను గుర్తు తెచ్చుకునే పద్ధతిలో, రెండో సెట్‌ను మళ్లీ చూసే పద్ధతిలో నేర్చుకుంటుంది. 'గ' వర్గం సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తుంది. చివరి పరీక్షలో అందరూ రెండు సెట్లకూ జవాబులు రాస్తారు. అప్పుడు ప్రతి విద్యార్థి మార్కులను అతని మార్కులతోనే పోలుస్తాం కనుక తెలివి, శ్రద్ధ, మునుపటి చదువు వంటి తేడాలు చాలావరకు తొలగిపోతాయి. అన్యాయం జరిగిందన్న ఫిర్యాదుకూ తావుండదు.

విద్యార్థులను 'క', 'గ' వర్గాలకు కేటాయించడానికి కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక జాబితానే వాడండి. రోల్ నంబరు సరి, బేసి అన్నది యాదృచ్ఛికం కాదు. ఆ నంబర్లు అక్షరక్రమం మీదో ర్యాంకు మీదో పడి ఉండవచ్చు. జాబితాను తయారు చేసిన వ్యక్తి, పరీక్ష పేపర్లు దిద్దే వ్యక్తి ఒకరే కాకూడదు.

4. ఎంతమంది విద్యార్థులు కావాలి

చాలా ప్రొటోకాళ్లు తిరిగి వచ్చేది ఇక్కడే. "అందుబాటులో ఉన్న వారందరూ" అని రాయడం లెక్క కాదు.

ప్రతి సెట్‌కు 20 మార్కులు, మార్కుల ప్రామాణిక విచలనం 4, మనం పట్టుకోదలచిన తేడా 2 మార్కులు అనుకుందాం. 5 శాతం ప్రాముఖ్య స్థాయికి, 80 శాతం శక్తికి (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశానికి) 1.96, 0.84లను కూడి, ఆ మొత్తాన్ని స్క్వేర్ చేస్తే సుమారు 7.84 వస్తుంది.

వేరువేరు వర్గాల పోలికలో అయితే ఈ సంఖ్యను రెట్టింపు చేసి, విచలనం స్క్వేర్ అయిన 16తో గుణించి, తేడా స్క్వేర్ అయిన 4తో భాగించాలి. వర్గానికి 63 మంది కావాలి. మధ్యలో 15 శాతం మంది మానేస్తారని లెక్కవేస్తే వర్గానికి 75, అంటే మొత్తం 150 మంది.

అడ్డంగా మార్చిన నమూనాలో రెట్టింపు అక్కర లేదు. ఒకే విద్యార్థి రెండు సెట్ల మార్కుల మధ్య సహసంబంధం 0.5 ఉంటే వాటి తేడాల విచలనం కూడా 4 అవుతుంది. అప్పుడు 32 మంది చాలు. చిన్న నమూనాకు సవరణగా మరో ఇద్దరిని కలిపి 34, మానేసేవారికి 15 శాతం కలిపితే 40. నమూనా మార్పు ఒక్కటే ఇంత ఆదా చేస్తుంది.

విద్యార్థులను ఒక్కొక్కరిగా కాక ప్రాక్టికల్ బ్యాచ్‌లుగా కేటాయించి వేరువేరు వర్గాలుగా పోల్చేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. బ్యాచ్‌కు 25 మంది, బ్యాచ్ లోపలి సారూప్యత 0.05 అయినా నమూనాను 2.2 రెట్లు పెంచవలసి వస్తుంది. అంటే 63 కాస్తా 139 అవుతుంది. బ్యాచ్‌లుగా చేసి, ఒక్కొక్కరిగా చేసినట్టు విశ్లేషించడం గణాంక సమీక్షకులు తేలిగ్గా పట్టేసే లోపం.

5. ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం

ఐసీఎంఆర్ 2017 జాతీయ మార్గదర్శకాలు బోధన పద్ధతుల పోలికను సమీక్ష నుంచి మినహాయింపు పొందగల పరిశోధనల్లో చేర్చాయి. దీన్ని చదివి దరఖాస్తే అక్కరలేదని భావించడం పొరపాటు. మినహాయింపు ఇవ్వవలసింది కమిటీయే గానీ పరిశోధకుడు కాదు. ఆ లేఖ చేతికి రాక ముందు సేకరించిన సమాచారాన్ని పత్రికలు సాధారణంగా అంగీకరించవు, తరువాత తెచ్చుకున్న లేఖ దాన్ని సరిచేయదు.

అదే మార్గదర్శకాలు తమ మీద అధికారం గలవారి కింద ఉన్న విద్యార్థులను బలహీన స్థితిలో ఉన్నవారిగా పరిగణించమంటాయి. ఇంటర్నల్ మార్కులు వేసే మేడమ్ గారే సమ్మతి పత్రం చేతికిస్తే ఏ విద్యార్థి కాదంటాడు? కాబట్టి ఆ తరగతికి పాఠం చెప్పని వ్యక్తి చేత సమ్మతి తీసుకోవాలి.

దరఖాస్తుకు ముందు చూసుకోవలసినవి:

- సమ్మతి పత్రం తెలుగు, ఇంగ్లీషు రెంటిలోనూ ఉందా; తెలుగు ప్రతి వాడుకలో అర్థమయ్యేలా ఉందా
- ఈ మార్కులు ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో కలవవని స్పష్టంగా రాశారా
- ఎప్పుడైనా తప్పుకోవచ్చని, తప్పుకున్నా తరగతి మాత్రం యథాతథంగా అందుతుందని ఉందా
- రోల్ నంబరుకు బదులు కోడ్ వాడుతున్నారా; ఆ రెంటినీ కలిపే జాబితా ఎవరి బీరువాలో ఉంటుంది
- స్లైడ్‌లకు రోగుల నమూనాలు వాడుతుంటే ఆ సంగతి దరఖాస్తులో ఉందా

చివరి అంశం విషయంలో నా సలహా ఒక్కటే: నిల్వ కల్చర్లతో పని జరిగితే రోగుల నమూనాల జోలికి పోవద్దు. తప్పనిసరై, రోగుల నుంచే సమ్మతి తీసుకోవలసి వస్తే, ఇచ్ఛాపురం వైపు ఒడియా, సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చేవారిలో సవర మాట్లాడేవారు ఉంటారు. తెలుగు పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన అది తెలిసి ఇచ్చిన సమ్మతి కాదు.

6. స్లైడ్‌ల తయారీ

ఈ దశలో తొందర పడితే మిగిలిన దశలన్నీ వృథా. విద్యార్థి తప్పు చెప్పింది తెలియకనా, స్లైడ్ బాగోకనా అన్నది తేల్చుకోలేని స్థితి రాకూడదు.

కల్చర్ వయసు: 18 నుంచి 24 గంటల మధ్య ఉన్న కల్చర్‌నే తీసుకోండి. పాతబడిన కల్చర్‌లో గ్రామ్-పాజిటివ్ బ్యాక్టీరియా కణకవచం దెబ్బతిని ఊదారంగును నిలుపుకోలేక గులాబీ రంగులో కనిపిస్తుంది. శుక్రవారం వేసిన ప్లేట్‌ను సోమవారం వాడడం వల్ల వచ్చే తప్పు ఇదే.

స్మియర్: స్లైడ్ మీద చిన్న సెలైన్ చుక్కలో కొద్దిపాటి కాలనీని కలిపి పలుచగా పరచండి. ఆరిన స్మియర్ కింద పెట్టిన అచ్చు అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. గాలికి పూర్తిగా ఆరిన తరువాతే మంట మీదుగా రెండు మూడు సార్లు పోనివ్వండి. మన తీరప్రాంతపు తేమలో, ముఖ్యంగా వానాకాలంలో, ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. తడి ఉండగానే వేడి చేస్తే కణాల ఆకారం చెడుతుంది.

స్టెయిన్ క్రమం:

- క్రిస్టల్ వయొలెట్ 1 నిమిషం, నీటితో కడగడం
- గ్రామ్స్ అయొడిన్ 1 నిమిషం, కడగడం
- ఎసిటోన్ అయితే రెండు మూడు సెకన్లు, 95 శాతం ఆల్కహాల్ అయితే కారే ద్రవంలో రంగు ఆగే వరకు, వెంటనే కడగడం
- సాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు, కడిగి ఆరబెట్టడం

రంగు తీసే మూడో మెట్టులోనే ఎక్కువ స్లైడ్‌లు చెడతాయి. ఎసిటోన్, ఆల్కహాల్ రెంటిలో ఒకదాన్ని ఎంచుకుని అధ్యయనం మొత్తానికి దాన్నే వాడండి. ల్యాబ్‌లో ఆ రోజు ఏది దొరికితే అది వాడితే స్లైడ్‌ల మధ్య తేడాకు కారణం చెప్పలేరు.

కంట్రోల్: ప్రతి బ్యాచ్ స్టెయినింగ్‌తో పాటు ప్రామాణిక నిల్వ కల్చర్లైన స్టాఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923, ఈ. కొలై ఏటీసీసీ 25922 రెంటినీ ఒకే స్లైడ్ మీద వేసి చూడండి. ఊదా గుత్తులు, గులాబీ కడ్డీలు రెండూ స్పష్టంగా కనిపిస్తేనే ఆ బ్యాచ్ స్లైడ్‌లు అధ్యయనంలోకి వస్తాయి.

సెట్లలో ఏమేమి ఉండాలి: స్టాఫిలోకాకస్ గుత్తులు ఒక సెట్‌లో ఉంటే స్ట్రెప్టోకాకస్ గొలుసులు రెండో సెట్‌లో ఉండాలి, ఈ. కొలైకి ఎదురుగా క్లెబ్సియెల్లా, న్యుమోకాకస్ జంటలకు ఎదురుగా కొరినిబాక్టీరియం. ప్రతి సెట్‌లో కావాలని చెడగొట్టిన స్లైడ్‌లు రెండు పెట్టండి: రంగు ఎక్కువగా తీసేసినది, మందపు స్మియర్ వల్ల ఊదారంగు నిలిచిపోయినది. చక్కని స్లైడ్‌ను గుర్తించడం కన్నా చెడ్డ స్లైడ్ ఎందుకు చెడిందో చెప్పగలగడం ఇంటర్న్‌షిప్‌లో రాత్రి డ్యూటీ చేసేవారికి ఎక్కువ అక్కరకు వస్తుంది.

ప్రతి స్లైడ్‌ను 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ ఆబ్జెక్టివ్ కింద కనీసం రెండు వేర్వేరు ఫీల్డ్‌లలో ఫొటో తీసి పెట్టుకోండి. ఒకటి బోధనకు, రెండోది చివరి పరీక్షకు. కరెంటు పోయినా, స్లైడ్ పగిలినా పని ఆగదు. ఫొటోలు మసకగా వస్తుంటే స్టెయిన్‌ను తప్పుపట్టే ముందు లెన్స్‌ను చూడండి. ఆరని ఇమ్మర్షన్ ఆయిల్, తేమకు పెరిగిన ఫంగస్ మన ల్యాబ్‌లలో సామాన్యం. లెన్స్ పేపర్‌తో తుడవడం, మైక్రోస్కోప్ పెట్టెలో సిలికా జెల్ మార్చడం అటెండర్ పని అని వదిలేయవద్దు.

7. ప్రశ్నలు, మార్కులు, ఇద్దరు పరీక్షకులు

ఒక్కో స్లైడ్‌కు రెండు మార్కులు. గ్రామ్ స్వభావం, ఆకారం, అమరిక సరిగా రాస్తే ఒకటి. సంభావ్య జీవిని గానీ, స్లైడ్ లోపానికి కారణాన్ని గానీ రాస్తే మరొకటి. అర మార్కులు వద్దు, అవి పరీక్షకుల మధ్య గొడవ పెంచుతాయి.

అధ్యయనంలో లేని హౌస్ సర్జన్లు పదిమందితో పైలట్ చేయండి. ప్రతి ఒక్కరూ సరిగా చెప్పిన స్లైడ్, ఎవరూ చెప్పలేని స్లైడ్ రెండూ పనికిరావు. 30 నుంచి 70 శాతం మంది సరిగా చెప్పినవి ఎక్కువగా ఉండేలా చూడండి. రెండు సెట్ల సగటు మార్కులు దగ్గరగా వచ్చే వరకు స్లైడ్‌లను అటూ ఇటూ మార్చండి.

రాతలో ఉండే రెండో మార్కును ఇద్దరు విడివిడిగా దిద్దాలి. ఉదాహరణకు 50 జవాబుల్లో 30 ఇద్దరూ ఒప్పన్నారు, 12 ఇద్దరూ తప్పన్నారు, మిగిలిన 8లో చెరో నాలుగింటిని ఒకరు ఒప్పు, ఒకరు తప్పు అన్నారనుకుందాం. ఏకీభావం 84 శాతం. చూడడానికి బాగానే ఉంది. కానీ అనుకోకుండా కుదిరే ఏకీభావమే 56.5 శాతం ఉంటుంది కనుక, దాన్ని తీసేసి అసలు ఏకీభావాన్ని కొలిచే కప్పా విలువ సుమారు 0.63 మాత్రమే. 0.6 దాటింది కాబట్టి పని నడుస్తుంది. దాటకపోతే పరీక్షకులను తప్పుపట్టకుండా జవాబుల కీని మరింత వివరంగా రాయండి.

8. తరగతి రోజుల్లో పని క్రమం

1వ రోజు అందరికీ ఒకే ట్యూటర్ డీఓఏపీ (చూపడం, గమనించడం, సాయపడడం, స్వయంగా చేయడం) పద్ధతిలో స్టెయినింగ్ చేసి చూపి, చేయించి, ఇరవై స్లైడ్‌లనూ లేబుళ్లతో ఒకసారి చూపిస్తారు. ఆ తరువాత రెండు వర్గాలూ ఒకే సమయంలో రెండు వేర్వేరు గదుల్లోకి వెళ్లాలి.

- గుర్తు తెచ్చుకునే సెట్: లేబుల్ లేని చిత్రం 60 సెకన్లు, కాగితం మీద జవాబు, తరువాత లేబుల్‌తో 30 సెకన్లు
- మళ్లీ చూసే సెట్: లేబుల్‌తో అదే చిత్రం 90 సెకన్లు

పది స్లైడ్‌లకు రెండు పద్ధతుల్లోనూ 15 నిమిషాలే. ప్రొజెక్టర్‌లో టైమర్ పెట్టండి; ట్యూటర్ చేతి గడియారానికి వదిలితే జవాబు చర్చలో రెండు మూడు నిమిషాలు తెలియకుండా జారిపోతాయి. సరైన జవాబు చూపడం మానవద్దు, లేకపోతే విద్యార్థి తాను రాసిన తప్పునే గుర్తుపెట్టుకుంటాడు.

12వ రోజు ఇదే సెషన్‌ను స్లైడ్‌ల వరుస మార్చి మళ్లీ జరపండి. 47వ రోజు అందరూ ఒకే గదిలో ఇరవై ప్రశ్నలకు జవాబు రాస్తారు. ప్రతి సెట్‌లో సగం పాత చిత్రాలు, సగం అదే స్లైడ్‌ల కొత్త ఫీల్డ్‌లు ఉండాలి. అన్నీ పాతవే అయితే విద్యార్థి బ్యాక్టీరియాను కాక ఫొటో మూలన ఉన్న మరకను గుర్తుపట్టే అవకాశం ఉంది.

9. తరచు జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ప్రీ-టెస్ట్ పెట్టడం. మనం పరీక్షిస్తున్నదే పరీక్ష ప్రభావం కాబట్టి పొడవైన ప్రీ-టెస్ట్ రెండు వర్గాలకూ ఆ మందునే ముందుగా కాస్త తాగించినట్టవుతుంది. అడ్డంగా మార్చిన నమూనాలో దాని అవసరం లేదు. గైడ్ గారు పట్టుబడితే గత ఇంటర్నల్ మార్కులను ఆధార కొలతగా చూపండి.

ఫీడ్‌బ్యాక్ ఫారాన్నే ఫలితంగా రాయడం. "ఈ పద్ధతి మీకు నచ్చిందా" అన్న ప్రశ్నకు వచ్చిన శాతాలతోనే ముగిసే వ్యాసాలు వైద్య విద్యలో విరివిగా వస్తున్నాయి, నాకు అవి పరిశోధన అనిపించవు. పైన చెప్పిన 2006 ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవారే తమకు ఎక్కువ గుర్తుంటుందని నమ్మారు, వారమయ్యే సరికి వారికే తక్కువ గుర్తుంది. ఫారం పెట్టండి, కానీ చివరి పరీక్షకు ముందు నింపించండి, మార్కులతో పక్కపక్కన పెట్టి చూపండి.

చిత్రాలు బయటికి పోవడం. సెషన్‌లో ఫోన్లు గది బయట పెట్టించండి. అయినా పోయాయని తెలిస్తే దాచవద్దు. కొత్త ఫీల్డ్‌ల ప్రశ్నలను విడిగా విశ్లేషించి రెండు ఫలితాలూ ఇవ్వండి.

గైర్హాజరు. 12వ రోజు రానివారికి మరునాడు విడిగా సెషన్ పెట్టాలా వద్దా అన్నది ప్రొటోకాల్‌లోనే ముందుగా రాసి ఉండాలి. ఎవరు వచ్చారో చూశాక తీసుకునే నిర్ణయం ఫలితాన్ని వంచుతుంది.

10. సమాచారం, విశ్లేషణ

విశ్లేషణ ప్రణాళికను 1వ రోజుకు ముందే ఒక పేజీలో రాసి తేదీ వేసి గైడ్ సంతకం తీసుకోండి. ప్రధాన ఫలితం ఒక్కటే: 47వ రోజున రెండు పద్ధతుల మార్కుల తేడా.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక విద్యార్థికి ఒక అడ్డువరుస. కోడ్, వర్గం, రెండు సెట్ల మార్కులు, పాత చిత్రాల మార్కులు, కొత్త ఫీల్డ్‌ల మార్కులు నిలువు వరుసలు. ఇద్దరు విడివిడిగా ఎక్కించి రెంటినీ సరిపోల్చండి. ఖాళీ గడిలో సున్నా వేయవద్దు. రాని విద్యార్థి వేరు, సున్నా వచ్చిన విద్యార్థి వేరు.

తేడాలు సుమారుగా సాధారణ విభాజనంలో ఉంటే జత టి-పరీక్ష, లేకపోతే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ పరీక్ష సరిపోతాయి. పి విలువ ఒక్కటే రాయకుండా సగటు తేడాను, దాని 95 శాతం విశ్వాస అంతరాన్ని ఇవ్వండి. తేడా 2 మార్కులు, అంతరం 0.3 నుంచి 3.7 వరకు అని చెబితే చదివేవారికి పద్ధతి విలువ తెలుస్తుంది, పి 0.05 కన్నా తక్కువ అంటే అది తెలియదు.

తేడా రాకపోతే ఉపవర్గాలుగా చీల్చి అబ్బాయిల్లో, అమ్మాయిల్లో, తెలుగు మాధ్యమం వారిలో అంటూ వెతకడం మొదలుపెట్టవద్దు. తేడా రాలేదనే రాయండి. సరిగా లెక్కవేసిన నమూనాతో తేడా కనబడకపోవడం కూడా ప్రచురించదగిన ఫలితమే.

11. రాయడం, దస్త్రాలు భద్రపరచడం

ఇది యాదృచ్ఛిక కేటాయింపు అధ్యయనం కనుక, అలాంటి వ్యాసాల్లో ఏమేమి ఉండాలో చెప్పే కన్సార్ట్ చెక్‌లిస్టును పక్కన పెట్టుకుని రాయండి. ముందు పద్ధతులు, తరువాత ఫలితాలు, చివర్లో ఉపోద్ఘాతం రాస్తే పని సులువవుతుంది. పద్ధతుల భాగాన్ని నిజానికి ప్రొటోకాల్ నుంచే కాలం మార్చి దింపుకోవచ్చు.

రచయితల పేర్లు ఎవరివి, ఏ వరుసలో అన్నది పని మొదలయ్యే ముందే మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి. గురువుగారితో ఈ మాట ఎత్తడానికి మొహమాటం సహజమే, కానీ వ్యాసం సిద్ధమయ్యాక ఎత్తడం ఇంకా కష్టం. ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) ప్రమాణాల ప్రకారం గది, మైక్రోస్కోప్ సమకూర్చినంత మాత్రాన రచయిత కారు. అటువంటివారికి కృతజ్ఞతల విభాగం ఉంది.

పని ముగిశాక మిగిలేవి:

- కల్చర్ ప్లేట్లను 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేసి 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలోకి, గాజు స్లైడ్‌లను నీలి గుర్తు పెట్టెలోకి పంపడం
- సంతకాలున్న సమ్మతి పత్రాలను, కోడ్ జాబితాను విడివిడి బీరువాల్లో తాళం వేయడం
- ఎథిక్స్ కమిటీకి ముగింపు నివేదిక ఇవ్వడం
- పాల్గొన్న విద్యార్థులకు వారి మార్కులు, మొత్తం ఫలితం, ఇరవై స్లైడ్‌ల జవాబులు వివరించే ఒక గంట తరగతి పెట్టడం; దీని తేదీని సమ్మతి పత్రంలోనే రాసి ఉంచితే వాయిదా పడదు